తెర మీద పాఠం, పలక మీద జవాబు: డిజిటల్ బోర్డులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తరగతి గదుల్లోని డిజిటల్ బోర్డుల గురించే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద 2023లో ఉన్నత పాఠశాలల గదుల్లోకి ఐఎఫ్‌పీలు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్‌లు, అంటే తాకితే స్పందించే పెద్ద తెరలు) వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ ఇలాంటి ప్యానెల్‌లు పనిచేస్తున్నాయి. ప్రొజెక్టరుతో నడిచే పాత రకం స్మార్ట్ బోర్డులు ప్రైవేటు బడుల్లో అంతకు ముందునుంచే ఉన్నాయి. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి, ఆరింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో 8, 9, 10 తరగతులకు గణితం చెబుతున్నాను. ఐఎఫ్‌పీ వచ్చిన తరువాత ప్రతి పాఠానికీ ఒక వీడియో వెతికి చూపిస్తున్నాను. పిల్లలు కదలకుండా చూస్తారు, అడిగితే అర్థమైందంటారు, మరునాడు అదే లెక్క ఇస్తే పెన్ను కదలదు. మా ప్రధానోపాధ్యాయులు మాత్రం ప్రతి పీరియడ్‌లోనూ బోర్డు వాడి తీరాలంటున్నారు. ఏం చేయమంటారు?
— గణిత ఉపాధ్యాయుడు, నంద్యాల జిల్లా

జవాబు: మాస్టారూ, మీ పిల్లలకు శ్రద్ధ తక్కువై ఇలా జరగడం లేదు. వీడియో నడుస్తున్నంతసేపు వాళ్లకు చేయడానికి పనేమీ లేదు, అందుకే మరునాటికి ఏమీ మిగలడం లేదు. వీడియోలో చెప్పేవారికి మీ తరగతి కనిపించదు. ఎవరి ముఖం చిన్నబోయిందో, ఎవరు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయారో తెలియకుండా ఆ గొంతు ముందుకు సాగిపోతూ ఉంటుంది. తాకితే స్పందించే బోర్డును మనం టీవీగా వాడుకుంటున్నాం. నా సలహా ఒక్కటే. తెర వెలిగించే ముందు, అది వెలుగుతున్నంతసేపు పిల్లల చేతులు ఏం చేస్తుంటాయన్నది నిర్ణయించుకోండి. ఆ ప్రశ్నకు జవాబు దొరకని రోజున దాన్ని వెలిగించనక్కరలేదు.

తొమ్మిదో తరగతిలో ‘ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానం’ అనే సిద్ధాంతాన్ని తీసుకుందాం. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టారు. దీన్ని ప్యానెల్‌లోకి ఒకసారి ఎక్కిస్తే ఆ తరువాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అందులో ఒక వృత్తం గీసి, ఒక జ్యా గీసి, జ్యాకు ఒక పక్క పరిధి మీద ఒక బిందువు పెట్టి, దానిని జ్యా కొనలతో కలపండి. కోణం విలువ తెర మీద కనిపిస్తుంది. ఇప్పుడు బిందువును కదపకండి. ‘ఈ బిందువును పరిధి వెంట ఇటువైపు జరిపితే కోణం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?’ అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా జవాబును కారణంతో సహా నోటుపుస్తకంలో రాయించండి. దూరం జరిగితే కోణం చిన్నదవుతుందని కొందరు తప్పకుండా రాస్తారు. ఆ తరువాతే ఒక విద్యార్థిని పిలిచి ఆమె వేలితోనే బిందువును జరిపించండి. అంకె మారకపోవడం చూసినప్పుడు తప్పు రాసినవారికి కలిగే ఆశ్చర్యమే నిరూపణకు దారి తీస్తుంది. ఎందుకు మారడం లేదో తెలుసుకోవాలన్న కోరిక పుట్టాక నిరూపణ వాళ్లకు భారంగా ఉండదు. బిందువు జ్యాను దాటి అవతలి పక్కకు వెళ్లగానే అంకె ఒక్కసారిగా మారుతుంది. అక్కడ ఆగి, పాత కోణాన్నీ కొత్త కోణాన్నీ కూడమంటే చక్రీయ చతుర్భుజం పాఠానికి వాళ్లే తలుపు తెరుస్తారు. అంచనా, కదలిక, కారణం అన్న ఈ వరస వర్గ బహుపది రేఖాచిత్రానికీ, సరళరేఖ వాలుకూ సరిపోతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. బోర్డు దగ్గరికి ఒక్కరే వస్తారు, మిగతా నలభైమంది ఖాళీగా కూర్చుంటారు. లండన్ బడుల్లో ఈ బోర్డులను పరిశీలించిన విద్యా పరిశోధకులు కూడా ఈ లోపాన్నే గుర్తించారు. ఒక్కొక్కరే వచ్చి తెరను తాకుతూ పోతే పాఠం నెమ్మదించిపోతుంది, తక్కినవారు చూపరులుగా మిగిలిపోతారు. దీనికి మందు మన బడిలోనే ఉంది. ప్రతి విద్యార్థి చేతికీ ఒక పలక ఇవ్వండి. పెద్ద తరగతి పిల్లలు మొదట సిగ్గుపడతారు గాని వారంలో అలవాటు పడతారు. ప్రశ్న తెర మీద, జవాబు అందరి పలకల మీద, ‘ఎత్తండి’ అనగానే మొత్తం తరగతి ఆలోచన మీ కళ్ల ముందు ఉంటుంది. ఆ పలకల్లో ఆసక్తికరమైన తప్పు ఎవరిదో చూసి, ఆ పద్ధతిని రాసినవారి పేరు చెప్పకుండా తెర మీదికి ఎక్కించి, అందరిచేతా చర్చించేలా చేయండి.

నల్లబల్లకు లేని ఒక సౌకర్యాన్ని చాలామంది వాడుకోవడం లేదు. రాసిన పేజీ చెరిగిపోకుండా దాచుకోవచ్చు. నిన్న తరగతి మొత్తం తడబడ్డ మెట్టును ఈ రోజు పీరియడ్ మొదట్లో తెరిచి, ‘ఇక్కడ ఎందుకు ఆగిపోయాం?’ అని అడగండి. నెల తరువాత పునశ్చరణలో అదే పేజీ మళ్లీ పనికొస్తుంది. నా దృష్టిలో ఈ యంత్రం గణిత ఉపాధ్యాయునికి చేసే అతి పెద్ద మేలు ఇదే.

ఇక ప్రతి పీరియడ్‌లోనూ వాడాలన్న మాట. 75 అంగుళాల ప్యానెల్ (అది మూల నుంచి ఎదుటి మూలకు కొలత) వెడల్పు సుమారు 166 సెంటీమీటర్లు మాత్రమే. పది, పన్నెండు అడుగుల నల్లబల్ల మీద ఒక నిరూపణ మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒకేసారి కళ్లకు కడుతుంది. తెర మీద పేజీ తిప్పగానే ‘దత్తాంశం’ కనుమరుగవుతుంది, పిల్లలు దేని నుంచి దేన్ని రాబట్టామో మరచిపోతారు. కాబట్టి పటాన్ని తెర మీద కదిలించండి, నిరూపణను సుద్దముక్కతో బల్ల మీద రాయండి. రెండూ పక్కపక్కన ఉంటేనే పాఠం నిలుస్తుంది. మీ ప్రధానోపాధ్యాయులను ఒక రోజు పలకలతో జరిగే మీ తరగతికి పిలవండి. ఎన్ని నిమిషాలు తెర వెలిగిందన్న లెక్క కంటే ఎంతమంది పలకలు ఎత్తారన్న లెక్క ఆయనకే నచ్చుతుంది.

ప్రశ్న: నేను ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచరును), ఒకటి, రెండు తరగతులు నావే. దాతలు మా బడికి ఒక ప్యానెల్ ఇచ్చారు. పిల్లలచేత అక్షరాలు దాని మీద దిద్దించవచ్చా?
— ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ముగుస్తుందో చూపించడానికి ప్యానెల్ చక్కగా ఉపయోగపడుతుందమ్మా. మీరు బల్లకు అడ్డంగా నిలబడకుండా, పెద్దగా, రంగు మార్చి రాయవచ్చు. ‘ఖ’, ‘ఘ’, ‘ఝ’ వంటి అక్షరాల్లో పిల్లలు గీతను ఎక్కడ ఎత్తుతారో, ఎక్కడ తప్పు దిశలో తిప్పుతారో అందరికీ కనిపించేలా చర్చించవచ్చు. దిద్దించే పనిని మాత్రం దానికి అప్పగించకండి. నున్నటి గాజు మీద వేలు జారిపోతుంది. బలపం, పెన్సిలు పట్టుకున్నప్పుడు వేళ్లకు, మణికట్టుకు కలిగే అభ్యాసం అక్కడ కలగదు. ఇసుకలో వేలితో రాయడం, పలక మీద దిద్దడం, ఆ తరువాత గీతల పుస్తకంలో రాయడం అన్న వరస అలాగే కొనసాగాలి.

చిన్న తరగతుల్లో ప్యానెల్ అసలైన బలం గుణింతాలు, వత్తుల దగ్గర బయటపడుతుంది. హల్లులను ఒక పక్క, గుణింతపు గుర్తులను ఇంకో పక్క పెట్టి, ఒకదాన్ని లాగి మరొకదానికి చేరిస్తే ఏ ధ్వని వస్తుందో పిల్లలచేత పలికించవచ్చు. ‘అమ్మ’లో మ వత్తును తీసివేస్తే ఏమవుతుంది, ‘అక్క’లో క వత్తు బదులు వేరే వత్తు పెడితే మాట మిగులుతుందా అని ఆడించవచ్చు. ఓపెన్‌బోర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి కదిలే బొమ్మల పేజీలను కంప్యూటర్ మీద తయారుచేసుకోవచ్చు. ఒక జాగ్రత్త అవసరం. కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు సంయుక్తాక్షరాలు విడిపోయి, వత్తు స్థానంలో పొల్లు గుర్తు కనిపిస్తుంది. పిల్లల ముందు తెరవకముందే పేజీని ఆ ప్యానెల్ మీదే ఒకసారి చూసుకోండి. తప్పు రూపం ఒకసారి కంట్లో పడితే చెరపడం కష్టం. అలాగే ప్యానెల్‌ను గోడకు ఎత్తుగా బిగించనివ్వకండి. ఒకటో తరగతి పాప చెయ్యి కనీసం తెర మధ్యకైనా అందాలి.

ప్రశ్న: మాది కొండ ప్రాంతం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, నెట్ ఉన్నా లేనట్టే. వానాకాలం తరువాత మా ప్యానెల్‌లలో ఒకదానికి వేలు పెట్టిన చోట కాకుండా వేరేచోట గీత పడుతోంది. మెకానిక్ రావడానికి చాలా రోజులు పడుతోంది. మేమే చేయగలిగింది ఏమైనా ఉందా?
— ప్రధానోపాధ్యాయుడు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: ముందు ఆ గీత సంగతి చూద్దాం. ఈ ప్యానెల్‌లలో ఎక్కువ వాటికి గాజు తనంతట తాను స్పర్శను గుర్తించదు. తెర చుట్టూ ఉన్న చట్రంలో ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు కంటికి కనిపించని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా ప్రసరిస్తూ ఉంటాయి. వేలు పెట్టినప్పుడు కొన్ని కిరణాలు ఆగిపోతాయి, ఏవి ఆగాయన్నదాన్ని బట్టి యంత్రం చోటును లెక్కిస్తుంది. కాబట్టి చట్రం లోపలి అంచున సుద్దపొడి పేరుకున్నా, సాలెగూడు అల్లుకున్నా, పురుగు వాలినా, కిటికీ నుంచి ఎండ నేరుగా పడినా యంత్రం దాన్ని వేలుగా పొరబడవచ్చు. ప్యానెల్‌ను ఆపి, ప్లగ్ తీసి, మెత్తటి పొడిగుడ్డతో నాలుగు అంచుల లోపలి భాగాన్ని మెల్లగా తుడవండి. మరక ఉంటే గుడ్డను కొద్దిగా తడిపి గట్టిగా పిండి వాడండి, తెర మీద నేరుగా నీళ్లు గాని, స్పిరిట్ గాని చల్లకండి. తరువాత మళ్లీ వెలిగించి, సెట్టింగ్స్‌లో టచ్ కాలిబ్రేషన్ (వేలు పెట్టిన చోటికే గీత పడేలా సరిచేసే అమరిక) ఉంటే అది చేయండి. చాలా సందర్భాల్లో దీనితో సరిపోతుంది. పక్కనే నల్లబల్ల ఉంటే దాన్ని పొడి డస్టరుతో దులపడం మానిపించి, తడిగుడ్డతో తుడిపించండి.

విద్యుత్తు విషయంలో మొదట ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉరుములు, మెరుపులు ఉన్న సాయంత్రం స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పూర్తిగా తీసివేయాలి. ప్యానెల్ వెనుక అంటించిన చీటీలో అది ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాసి ఉంటుంది. అది 250 వాట్లు అనుకుంటే, 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో లెక్కప్రకారం 1800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది కనుక, నష్టాలు పోను సుమారు నాలుగు గంటలు నడపవచ్చు. దాతలెవరైనా ముందుకొస్తే ఇంకో ప్యానెల్ కంటే ముందు ఒక ఇన్వర్టర్ అడగండి.

నెట్ లేకపోవడం పెద్ద లోటని నేను అనుకోను. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ల వెనుక ఉన్న పాఠాలను దీక్షా యాప్‌లో సిగ్నల్ ఉన్నచోట దించుకుని తరువాత నెట్ లేకుండా చూడవచ్చు. జియోజీబ్రా సంగతి పైన చెప్పాను. ఉపాధ్యాయులంతా కలిసి తరగతివారీగా, పాఠంవారీగా ఒక పెన్‌డ్రైవ్‌లో అన్నీ సర్దుకుంటే, పిల్లల ముందు వెతుకులాట తప్పుతుంది, మధ్యలో అక్కరలేని ప్రకటనలు కనబడే బెడద కూడా ఉండదు. ఆ పెన్‌డ్రైవ్‌ను బడి పనికే కేటాయించి, బయటి కంప్యూటర్‌లలో పెట్టకుండా చూడండి, వైరస్‌లు ఎక్కువగా వచ్చేది ఆ దారినే.

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి, చివరి బెంచీ. తెర మీద అక్షరాలు కనిపించడం లేదంటోంది. రోజూ ఆ తెర చూస్తే కళ్లు పాడవుతాయా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అయిదారు మీటర్ల దూరంలో గోడకున్న తెర, ముఖానికి దగ్గరగా గంటలకొద్దీ పట్టుకునే ఫోన్ వంటిది కాదమ్మా. ఆ భయం పెట్టుకోకండి. అయితే కనిపించడం లేదన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ముందు కంటి పరీక్ష చేయించండి. అద్దాలు అవసరమై ఉండవచ్చు. పరీక్షలో ఏమీ లేదని తేలితే లోపం తెర దగ్గర ఉంది. తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం వరకే మామూలు అక్షరాలు సుఖంగా చదవగలమన్నది తెరలు అమర్చేవారు పాటించే ఒక లెక్క. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 93 సెంటీమీటర్లు, ఆరు రెట్లంటే సుమారు 18 అడుగులు. 24 అడుగుల గదిలో చివరి బెంచీ ఆ హద్దు దాటుతుంది. కాబట్టి టీచరుగారు పేజీకి ఏడెనిమిది వరుసలకు మించకుండా, పెద్ద అక్షరాలతో రాయాలి. తెలుగులో కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కనుక వరుసల మధ్య ఇంగ్లీషు కంటే ఎక్కువ ఎడం కావాలి. కిటికీ వెలుగు తెర మీద మెరుస్తుంటే కిటికీకి ఒక పరదా చాలు. బెంచీలను వారానికోసారి మార్చమని మీరు అడగవచ్చు, అందులో మొహమాటం అక్కరలేదు.

ప్రశ్న: మా అబ్బాయి చదివే ప్రైవేటు పాఠశాల ఈ సంవత్సరం ‘స్మార్ట్ క్లాస్’ పేరుతో అదనపు ఫీజు వసూలు చేస్తోంది. డిజిటల్ బోర్డులతో మార్కులు పెరుగుతాయని సమావేశంలో చెప్పారు. ఇది నిజమేనా?
— ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: బోర్డు పెట్టినంత మాత్రాన మార్కులు పెరుగుతాయని చెప్పడానికి ఆధారం లేదండీ. ఇంటరాక్టివ్ వైట్‌బోర్డులు కొత్తవి కావు. కెనడాలోని కాల్గరీకి చెందిన స్మార్ట్ టెక్నాలజీస్ తన మొదటి స్మార్ట్ బోర్డును 1991లోనే తెచ్చింది. వాటిని దేశవ్యాప్తంగా బడుల్లో పెట్టడానికి ముందుగా పెద్దయెత్తున డబ్బు ఖర్చుచేసిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. లండన్ ఉన్నత పాఠశాలల్లో గణితం, సైన్సు, ఇంగ్లీషు విభాగాలకు ఈ బోర్డులు ఇచ్చిన పథకాన్ని లండన్ విశ్వవిద్యాలయపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పరిశీలించి 2007లో నివేదిక ఇచ్చింది. బోర్డులు పూర్తిగా అమరిన మొదటి సంవత్సరంలో విద్యార్థుల ఫలితాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదని అది తేల్చింది. ప్రాథమిక తరగతుల మీద న్యూకాజిల్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. అందులో మొదటి సంవత్సరం కొద్దిపాటి మెరుగుదల కనిపించినా, రెండో సంవత్సరానికి అది నిలవలేదు. ఉపాధ్యాయులకూ పిల్లలకూ మాత్రం బోర్డులు బాగా నచ్చాయి. నచ్చడం వేరు, నేర్వడం వేరన్న సంగతి ఆ నివేదికల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

అంతమాత్రాన ఆ ఫీజు వృథా అని తేల్చేయను. అది దేనికి వెళుతోందో అడగండి. ఒక కంపెనీ తయారుచేసి ఇచ్చిన పాఠాలను మొదటి నుంచి చివరిదాకా నడిపించడమే ‘స్మార్ట్ క్లాస్’ అయితే మీరు కడుతున్నది వీడియో చందా. ఉపాధ్యాయులకు ఏటా శిక్షణ ఉందా, వాళ్లు పాఠాన్ని తమ తరగతికి తగినట్టు మార్చుకునే వీలుందా, ప్రయోగశాల పీరియడ్‌లు మునుపటిలాగే జరుగుతున్నాయా అన్నవి అడగదగ్గ ప్రశ్నలు. పాత ప్రొజెక్టరు బోర్డులైతే దీపం వెలుతురు ఏటా తగ్గిపోతుంది, దాన్ని మార్చే ఖర్చు ఎవరిదో కూడా తెలుసుకోండి. అన్నిటికంటే నమ్మదగ్గ సాక్ష్యం మీ అబ్బాయి నోటుపుస్తకంలో ఉంటుంది. తెర మీద పాఠం జరిగిన రోజున అతని పుస్తకంలో సొంత పటం, సొంత ప్రశ్న, కొట్టివేసి మళ్లీ రాసిన లెక్క ఉన్నాయా, లేక తేదీ వేసిన ఖాళీ పేజీయే ఉందా అన్నది చూసి, ఆ పేజీని తీసుకుని సమావేశానికి వెళ్లండి.

ప్రశ్న: భౌతిక రసాయన శాస్త్రాలు చెబుతాను. ప్రయోగాలన్నీ తెర మీద బొమ్మలతో చూపించే వీలుంది కదా, సామగ్రి కోసం అవస్థ పడడం అవసరమా అని సహోద్యోగులు అంటున్నారు. మా పిల్లలు ఇంగ్లీషు మీడియంలోకి కొత్తగా మారినవారు. వారికి ఈ తెర ఎలా సాయపడుతుంది?
— స్కూల్ అసిస్టెంట్, నల్లగొండ జిల్లా

జవాబు: సామగ్రి కోసం అవస్థ తప్పకుండా పడాలి. తెర మీద బల్బు ప్రతిసారీ వెలుగుతుంది. చేతిలోని బల్బు తీగ వదులైతే వెలగదు, ఎందుకు వెలగలేదో వెతకడంలోనే విద్యుత్ వలయం అర్థమవుతుంది. కాబట్టి టార్చి ఘటం, తీగలు, బల్బుతో పిల్లలు గుంపులుగా వలయం కలిపి చూడడం ముందు జరగాలి. ఆ తరువాత, కంటికి కనిపించని దాన్ని చూపించే పనిని తెరకు ఇవ్వండి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ అనే ఉచిత ప్రాజెక్టులో వలయాల నమూనా ఒకటి ఉంది. అందులో బల్బులను శ్రేణిలో, సమాంతరంగా కలుపుతూ పోతే తీగల్లో ఎలక్ట్రాన్ల కదలిక నెమ్మదించడం, పెరగడం కనిపిస్తుంది. పిల్లలు తాము చేతితో చూసిన మసక వెలుగుకు అక్కడ కారణం కనుక్కుంటారు. ఆమ్లాలు, గాఢమైన ద్రావణాలు, పాదరసం వంటి ప్రమాదకరమైనవాటిని, గ్రహాల చలనం వంటి గదిలో పట్టనివాటిని నేరుగా తెరకే వదిలేయవచ్చు. ప్యానెల్‌కు ఫోన్‌ను కలిపి, ఫోన్ కెమెరాను సూక్ష్మదర్శిని కటకం మీద ఉంచితే ఉల్లిపొర కణాలను గది అంతా ఒకేసారి చూడవచ్చు. ఒక్కొక్కరూ వరుసలో నిలబడి, ఏం చూడాలో తెలియకుండానే చూసి వెళ్లే ఇబ్బంది దీనితో తీరుతుంది. ఇది జీవశాస్త్రం చెప్పే మీ సహోద్యోగికి చెప్పండి.

భాష విషయంలో మీ పిల్లల చేతిలో ఇప్పటికే ఒక మంచి ఆధారం ఉంది. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉండే ద్విభాషా పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. పటాన్ని తెర మీద పేర్లు లేకుండా పెట్టండి. భాగాన్ని చూపి, అది ఏం చేస్తుందో మొదట తెలుగులో చెప్పనివ్వండి, తరువాత పుస్తకం చూసి ఇంగ్లీషు పేరును పలకల మీద రాయమనండి, ఆఖరున ఒకరు వచ్చి తెర మీద రాయాలి. తెలిసిన విషయానికి కొత్త పేరు నేర్చుకోవడం పిల్లలకు సులువు. తెలియని విషయాన్ని తెలియని భాషలో, అదీ వేగంగా మాట్లాడే వీడియోలో వినిపిస్తే రెండూ అందవు. వీడియో తప్పనిసరి అనుకున్నప్పుడు ధ్వని ఆపి బొమ్మలు మాత్రం నడిపించండి, వివరణ మీ గొంతుతో, మీ పిల్లల భాషలో ఇవ్వండి. రెండోసారి నడిపేటప్పుడు ఆ వివరణను ఒక విద్యార్థిచేత ఇప్పించండి. మొదట్లో వాళ్లు రెండు భాషలూ కలిపి మాట్లాడతారు, అడ్డు చెప్పకండి.